వరసైనవాళ్ళకే తలుపు

ఆశ్వయుజ బహుళ చవితి

ఊరి మాటలన్నీ వినే మిషనుని మేం చెవి అంటాం. దానికి వినడమే తప్ప చదవడం రాదు. అందుకే నోరు మూసుకుని ఇక్కడ రాస్తున్నాను. తూము కాసే లస్కరు పుస్తకంలో సముద్రం పోటు ఎంత వచ్చింది, ఏ షట్టరు ఎత్తాం, ఏది దించాం అన్నవి తప్ప ఇంకేమీ రాయకూడదని గట్టు కమిటీ రూలు. రాస్తే ఏం చేస్తారు? ఈ పుస్తకం తెరిచి చూసే ఓపిక వాళ్ళలో ఒక్కరికీ లేదు.

పోటు మామూలే. రెండో షట్టరు కింద రబ్బరు చిరిగి ఉప్పునీళ్ళు ఊరివైపు కారుతున్నాయి. సింహాచలం, నేను పొద్దుటినుంచీ పీతల్ని ఏరి పారేసి, పాత టైరు కోసి ఆ సందులో కుక్కాం. సింహాచలం గట్టు బయట ఉంటాడు. దీవులు మునిగినప్పుడు పడవల్లో వచ్చి, గట్టు వాలులో గుడిసెలు వేసుకున్నవాళ్ళలో ఒకడు. ఊళ్ళో వాళ్ళని పడవోళ్ళంటారు.

మధ్యాహ్నం తుఫానుకి తలదాచుకునే మేడ దగ్గర తలుపు తాలీము జరిగింది. తుఫానుల కాలంలో ఊరంతా అప్పుడప్పుడూ మేడ దాకా నడిచి, ఒక్కొక్కరే గడప దాటి చూసుకోవాలి. గడప మీద నిలబడి ఏదో ఒక మాట అంటే పైన దీపం పచ్చగా వెలుగుతుంది, లోపలికి పోవచ్చు. నిరుడు పడవోళ్ళందరికీ పచ్చదీపమే వెలిగింది. ఇవాళ సింహాచలం వెళ్ళి నిలబడి, "వచ్చానండి" అన్నాడు. దీపం ఎర్రబడింది.

"బయటి మనిషి ఉన్నారు" అంది చెవి, ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా. ఇనపతలుపు వచ్చి అతని ముక్కు ముందే మూసుకుంది.

అతని వెనక వాళ్ళావిడకీ అంతే. ఆ వెనక గుడిసెల వాళ్ళందరికీ అంతే. ఊళ్ళోవాళ్ళు నేల చూపులు చూస్తూ పక్కనుంచి వెళ్ళి, పచ్చదీపం కింద లోపలికి పోయారు.

"మిషను పాడైందేమోనండి వరాలమ్మగారూ" అన్నాడు సింహాచలం. పాడవలేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. భయమేసింది. తుఫాను వస్తే మేడ తప్ప ఇంకో దిక్కు లేదు.

బహుళ అష్టమి

పోటు తక్కువ. ఒకటో షట్టరు ఎత్తి మురుగు వదిలాను.

చెవిని మొదట పెట్టింది గట్టు పగిలే చప్పుడు వినడానికి. వీధికో స్తంభం, ఇంటికో డబ్బా. నీటి ఊట ముందు తెలిసేది వాలులోనే కాబట్టి పడవోళ్ళ గుడిసెల్లో కూడా డబ్బాలు బిగించారు. నిజం చెప్పాలంటే అది మా ప్రాణాలు కాపాడింది. ఆ గురితోనే మేడ తలుపు కూడా దాని చేతిలో పెట్టారు. మేడ అందరికీ సరిపోదేమోనని ఒక భయం ఉండేది. ఎవరిని రానివ్వాలో తేల్చమంటే కమిటీ ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంది. అప్పుడు ప్రెసిడెంటు భద్రంగారు, "మనోళ్ళెవరో చెవికి తెలుసండి. ఎవర్ని మనం ఏవని పిలుత్తన్నామో అది రోజూ వింటానే ఉంది కదా" అన్నారు. అందరికీ హాయిగా అనిపించింది. పాపం ఎవరి నెత్తినా పడదు.

నాలుగిళ్ళవాళ్ళు అక్కా, బావా, పిన్నీ అని వరస పెట్టి పిలిస్తే వాళ్ళు మనవాళ్ళు. నాలుగిళ్ళవాళ్ళు ఛీ అంటే బయటివాళ్ళు. అంతే దాని తెలివి. ఈ వేసవినుంచీ ఊళ్ళో ఒకటే గుసగుస, రెండో షట్టరు రబ్బరు పడవోళ్ళు కోసేశారని. ఆ రబ్బరు పీతలు కొరికి, ఉప్పుకి కుళ్ళింది. ముక్క పట్టుకెళ్ళి కమిటీకి చూపించాను. "మీరు మంచోరు కాబట్టి అలాగనుకుంటారమ్మా" అన్నారు భద్రంగారు.

ఊరిదాకా ఎందుకు, మా ఇంట్లోనే ఉంది. మా అత్త మంగాయమ్మకి కాళ్ళు పడిపోయాయి గానీ నోరు ఊరంతా తిరుగుతుంది. "ఆ పడవోళ్ళు రాబట్టే నా కొడుకు పోయాడు" అని బియ్యం ఏరుతూ జపం చేస్తుంది. ఆవిడ కొడుకంటే మా ఆయన. పేరు నోటితో అనను గానీ రాయడానికేం, పెంటయ్య. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, వీడైనా దక్కాలని పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి ఆ పేరు పెట్టిందట. దక్కాడు. పెద్ద ఉప్పెననాడు పడవలు లోపలికి రావాలని షట్టరు ఎత్తబోయి ప్రవాహంలో పోయాడు. ఎత్తమని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ మాట నేనంటే అత్త అన్నం మానేస్తుంది.

బహుళ ఏకాదశి

నర్సు జుబేదా తూము దగ్గరికి వచ్చి, "వరాలక్కా, పంపు వెయ్యి" అంది. వేశాను. పంపు నడుస్తుంటే ఈ గదిలో మాట చెవికి అందదు. ఊళ్ళో అలాంటి చోటు ఇదొక్కటే.

"చెవిని పీకేద్దామంటే గట్టు పగిలేటప్పుడు చెప్పేవాళ్ళుండరు. దానికి వరసలే కావాలంటే వరసలే ఇద్దాం. ఇంటికో గుడిసె చొప్పున పంచుకుని, రోజూ స్తంభం కింద నిలబడి పిలుద్దాం."

"ఎవరొత్తారే?"

"ముందు నువ్వొత్తావా?"

"పిలిచినోళ్ళ దీపం కూడా ఎర్రబడితేనో?"

జుబేదా గోడకి తగిలించిన గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నేనూ వస్తానని చెప్పడానికి ఆమె వెనకాల గట్టు మీద పరుగెత్తాల్సి వచ్చింది.

అమావాస్య

పోటు బాగా ఎక్కింది. షట్టర్లన్నీ దించే ఉన్నాయి.

సెలూను అప్పారావు, జుబేదా, నేను, మరో ఏడెనిమిది ఇళ్ళవాళ్ళం. సాయంత్రం పెద్దస్తంభం కింద చేరి పిలుపులు మొదలుపెట్టాం. నేను సింహాచలాన్ని "అన్నయ్యా" అన్నాను. అప్పారావు అయితే నాటకంలో రాజులా చెయ్యి చాపి "బావా!" అని అరిచాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. పడవోళ్ళు చేతులు కట్టుకుని, తమని కాదేమో అన్నట్టు నిలబడ్డారు. కొందరు అరుగుల మీదనుంచి చూసి, మమ్మల్ని కూడా ఛీ అని తలుపులేసుకున్నారు. రోజూ ఇలాగే పిలవాలని అనుకున్నాం. ఎందుకో నాకే నా గొంతు అబద్ధంగా వినిపించింది.

కార్తీక శుద్ధ తదియ

మళ్ళీ తాలీము. పడవోళ్ళందరికీ ఎర్రదీపమే. తరవాత జుబేదా వెళ్ళి గడప మీద నిలబడింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మనిషి. దీపం ఎర్రబడింది.

"బయటి మనిషి ఉన్నారు."

జుబేదా గడప దిగి వచ్చేసింది. నేను వెళ్ళి నిలబడి "వరాలమ్మని" అన్నాను. దీపం వెంటనే వెలగలేదు. చివరికి పచ్చగా వెలిగింది గానీ, ఆలోచించుకుని వెలిగింది. సాయంత్రం స్తంభం కిందకి ముగ్గురమే వచ్చాం.

ఇంటికి వచ్చేసరికి అత్త బియ్యం ఏరుతోంది. "ఆ పడవోళ్ళు... ఆ దరిద్రులు..." అంటోంది. గోడ మీద డబ్బాలో చిన్న దీపం, ఆవిడ మాటమాటకీ మినుక్కుమంటోంది. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. ఇవాళే ఒళ్ళు జలదరించింది. నేను స్తంభం కింద ఒకసారి పిలిచిన "అన్నయ్యా"ని ఈవిడ వంటింట్లో కూర్చుని వందసార్లు తుడిచేస్తోంది. ఇంటింటా ఇదే జరుగుతోంది. వీధిలో వరసలు, వంటింట్లో ఛీత్కారాలు. చెవి నమ్మేది వంటింటినే.

శుద్ధ పంచమి

పంపు వేసి అందరికీ చెప్పాను. అప్పారావు బుర్ర గోక్కుని, "అయితే ఆడోళ్ళ నోళ్ళు కట్టాలంటావు" అన్నాడు. "మీ సెలూన్లో మగోళ్ళ నోళ్ళో?" అంది జుబేదా. నవ్వొచ్చింది. భయంలో కూడా నవ్వొస్తుంది, ఏం చేస్తాం.

రెండు పనులు అనుకున్నాం. ఒకటి, ఎక్కడ చెడ్డమాట వినపడినా పక్కనున్నవాళ్ళు వెంటనే ఆ మనిషిని వరస పెట్టి పిలవాలి, సొంత తల్లి అన్న మాటైనా సరే. రెండోది జుబేదా చెప్పింది. "వరస ఉత్తినే నిలవదక్కా. పెట్టుపోతలుండాలి. రాకపోకలుండాలి. మనం ఆళ్ళ గుమ్మం ఎప్పుడన్నా ఎక్కామా?"

ఎక్కలేదు. గుడిసెల కప్పులు తుఫానుకి నిలవవు కాబట్టి తాటాకు, తాళ్ళు పట్టుకుని వాలులోకి దిగాం. సింహాచలం భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "మాకోసం వచ్చారా, మీ దీపం కోసం వచ్చారా?" అని అడిగింది.

"రెండూనమ్మా" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఆవిడ పక్కకి తప్పుకుంది.

శుద్ధ దశమి

సముద్రం రంగు మారింది. దక్షిణాన వాయుగుండం ఉందని రేడియో చెప్పింది. పౌర్ణమి పోటుకి తుఫాను తోడైతే గట్టు ఆగదు.

ఈ అయిదు రోజులూ ఊరికీ వాలుకీ మధ్య ఒకటే తిరుగుడు. ఇప్పుడు అప్పారావు "బావా" అంటే అటునుంచి "ఆయ్, చెప్పు బావా, గెడ్డం ఎప్పుడు గీత్తావు" అని వస్తోంది. తాడు ఎవరిదన్న దాని మీద ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా. పోట్లాట వినేసరికి నాకు ప్రాణం కుదుటపడింది. పరాయివాళ్ళతో ఎవరూ అలా పోట్లాడరు.

సింహాచలం కోడలు నూకరత్నం పచ్చి బాలింత. పిల్లాణ్ణి చీర చాటునుంచి తియ్యదు, ఎవరికీ చూపించదు. నేను తాటాకు నేస్తుంటే లోపలినుంచి, "ఒరే దొంగెధవా, దరిద్రుడా, ఎవడు రమ్మన్నాడ్రా నిన్ను" అంటూ పాలిస్తోంది. మా అత్త గుర్తొచ్చి నవ్వుకున్నాను. నాకు అంతకుమించి ఏమీ తట్టలేదు.

అత్త మాత్రం లొంగలేదు. ఆవిడ "దరిద్రులు" అన్నప్పుడల్లా నేను పొయ్యి దగ్గరనుంచి "మా అన్నయ్య, మా వదిన" అంటున్నాను. "నువ్వు నా కోడలివేనా" అని అడిగింది. "అవునత్తా, ఆయన పెళ్ళాన్నే" అన్నాను.

పౌర్ణమి

మేడ లోపలి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. పుస్తకం తడిసింది, అక్షరాలు కుదరవు.

తెల్లవారగానే చెవి ఊరంతా వినపడేలా చెప్పింది. "దక్షిణం గట్టు కారుతోంది. అందరూ మేడకు రండి." అదే ఆడగొంతు, అదే మర్యాద. సింహాచలాన్ని ముందు పంపి, ఆఖరి షట్టరు దించి నేను వచ్చేసరికి మేడ చుట్టూ మోకాలి లోతు నీళ్ళు. అప్పారావు, వాళ్ళ తమ్ముడు మా అత్తని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఇంకా యాభైమంది దాకా మెట్ల మీద ఉన్నాం.

సింహాచలం గడప మీద నిలబడ్డాడు. దగ్గాడు. "వచ్చానండి" అన్నాడు. పచ్చదీపం. లోపలికి పోయి అక్కడే కూలబడి ఏడ్చాడు. జుబేదాకి పచ్చదీపం. వాలులోవాళ్ళు ఒక్కొక్కరికీ పచ్చదీపం. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, వానలో ఎవరికీ తెలియదు కాబట్టి కారనిచ్చాను.

నూకరత్నం గడప ఎక్కింది. ఏదో అనేలోపే చీర చాటున పిల్లాడు కెవ్వుమన్నాడు. దీపం ఎర్రబడింది.

"బయటి మనిషి ఉన్నారు." తలుపు మూసుకుంది.

పిల్లాడు ఊపిరి పీల్చే సందులో ఆమె తన పేరు చెబితే పచ్చ. తలుపు తెరుచుకునేలోపే వాడు ఏడిస్తే మళ్ళీ ఎరుపు. ఏడుపు ఆగదు. గాలి మా మాటల్ని ఎత్తుకుపోతోంది. కింది మెట్టు మునిగింది, ఆ పైది మునిగింది. ఎర్రదీపం ఉన్నంతసేపూ ఆ తలుపు ఇంకెవరికీ తెరుచుకోదు.

వెనకనుంచి భద్రంగారు అన్నారు, "ఆ పిల్లోణ్ణి కాస్త పక్కకి తియ్యండమ్మా. ముందు ఇంతమందిమీ ఎల్లిపోతే, తరవాత చూద్దాం."

తరవాత అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఎవరూ కాదనలేదు. నా మనసులో కూడా ఒక మూల సరేనంది. నీళ్ళు నడుము దగ్గరికి వచ్చినప్పుడు మనిషి ఇంతే కాబోలు. అప్పారావు వెళ్ళి తలుపుకి ఆనుకుని గడప మీద కూర్చున్నాడు. "గడప మీద కూకోకూడదంటారు. ఇయ్యాల కూకుంటున్నాను. బావ మనవడు ఎల్లందే ఎవరూ ఎల్లరు. ఎల్తే నన్ను తొక్కి ఎల్లండి."

అప్పుడు మా అత్త కుర్చీలోంచి వంగింది. "ఏవే పిల్లా, ఇలా రా. ఈణ్ణి ఇంట్లో ఏవని పిలుత్తావు?"

నూకరత్నం చుట్టూ చూసింది. చెప్పలేక చెప్పింది. "దొంగెధవా అంటానండి. దరిద్రుడా అంటాను. చావరా అని కూడా అంటాను మామ్మగారూ."

"ముందోళ్ళు ఎంతమంది పోయారు?"

"ఇద్దరండి. పడవలోనే."

అత్త పైకి, ఆ ఎర్రదీపం వైపు చూసింది. ఆవిడ మొహం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. "ఒసే, నీకు చెవులుండి ఏం లాభవే! అది తిట్టనుకున్నావా? దాపెట్టుకోడం! నా పెంటయ్యని నేనూ అలాగే దాపెట్టుకున్నాను" అని అరిచింది.

పుట్టినప్పటినుంచీ ఆ పిల్లాడి చెవిన పడ్డవన్నీ అవే మాటలు. మంచిమాట అంటే దిష్టి తగులుతుందని వాళ్ళమ్మ అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. మేం వాలులో ఉన్న ప్రతివాళ్ళనీ వరస పెట్టి పిలిచాం, చాటున ఉన్న వాణ్ణి తప్ప.

"మనవడా!" అంది అత్త. నూకరత్నం ఒక్క ఉదుటున ఆవిడ నోరు మూసింది. "అనకండి మామ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈడూ పోతాడు."

అత్త ఆ చేతిని మెల్లగా తీసి, తన గుండెలకి ఆనించుకుంది. "ఆ దిష్టేదో నాకు తగల్నీయే. ముసిల్దాన్ని, నాకేటి. ఒరే మనవడా! బంగారుకొండా!"

దీపం ఎర్రగానే ఉంది. నేను "మనవడా" అన్నాను. అప్పారావు అన్నాడు. మెట్ల మీద ఒకరి తరవాత ఒకరు, మేనల్లుడా, తమ్ముడూ, బాబూ, చిన్నోడా అని, గాలిని మించి అరిచారు. తలుపు అవతలనుంచి జుబేదా గొంతు, సింహాచలం గొంతు. భద్రంగారు కూడా "మనవడా" అని అందరికంటే గట్టిగా అరిచారు. ప్రేమతో అన్నారో నీళ్ళకి భయపడి అన్నారో, చెవికి తేడా తెలియదు. నాకు తెలుసు.

దీపం మినుకుమంది. ఎర్రగానే నిలిచింది. నీళ్ళు అత్త ఒళ్ళోకి వచ్చాయి.

అందరం నూకరత్నం వైపు చూశాం. ఆ మాట ఆమెని అడిగే హక్కు మాలో ఎవరికీ లేదు. ఆమె చీర కొంగు తీసింది. పిల్లాడి మొహం అప్పుడే మొదటిసారి చూశాం. నుదుటి మీద ఇంతేసి కాటుకబొట్టు, వానకి కారిపోతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని, వాడి చెవిలో కాదు, గట్టిగా, ప్రపంచానికంతా వినపడేలా అంది.

"నా బంగారు తండ్రీ. నా నాయనా. ఉండిపోరా."

పచ్చదీపం వెలిగింది.

మార్గశిర శుద్ధ విదియ

పోటు మామూలే. దక్షిణం గట్టు పూడ్చారు. రెండో షట్టరుకి ఎట్టకేలకు కొత్త రబ్బరు వచ్చింది.

తలుపుని చెవి చేతిలోంచి తీసేయమని ఊరూ వాలూ కలిసి కమిటీని అడిగాం. "ఆలోచిద్దాం" అన్నారు భద్రంగారు. ఆయన ఆలోచన తేలేలోపు ఇంకో తుఫాను వస్తుందేమోనని నాకు నిద్ర పట్టదు. అందుకే ఎవరమూ కాపలా మానలేదు. ఎక్కడ ఏ మాట జారినా పక్కనున్నవాళ్ళు వరస అందుకుంటున్నారు.

అత్తకి ఆ రోజు తడిసినప్పటినుంచీ దగ్గు. చలిగాలి అంటుంది జుబేదా. "కాదు, దిష్టి. నాకే తగిలింది" అంటుంది అత్త, ఏదో బహుమానం వచ్చినట్టు. నూకరత్నం బిక్కుబిక్కుమంటూ రోజూ మిరియాల కషాయం తెచ్చి ఇస్తోంది.

ఇవాళ మధ్యాహ్నం అత్త తనని తూము దగ్గరికి మోసుకెళ్ళమంది. "బంగారం, వజ్రం అని అందరూ కలిసి ఆణ్ణి చంపేసేలా ఉన్నారు. పంపు వెయ్యి" అంది. వేశాను. నూకరత్నం పిల్లాణ్ణి ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, హమ్మయ్య అన్నట్టు గోడకి జారగిలబడింది. అత్త మొదలుపెట్టింది. "దొంగెధవా, దరిద్రపు మొహవా, ఎవడు రమ్మన్నాడ్రా నిన్ను..." పిల్లాడు బోసినోరు తెరిచి నవ్వాడు.

అప్పుడే బెల్టు జారి పంపు ఆగిపోయింది.

"పెంటెధవా!" అన్న మాట ఆ నిశ్శబ్దంలో ఖంగుమంది. కిటికీలోంచి కనపడే స్తంభం మీద చిన్న దీపం మినుక్కుమంది. నూకరత్నం లేచి నిలబడింది. నేను నోరు తెరవబోయాను.

గట్టు మీదనుంచి అప్పారావు కేక వినపడింది. "ఏరా మనవడా, తూము కాడ ఉన్నావా?" కుళాయి దగ్గర ఎవరో ఆడమనిషి "ఒరే మేనల్లుడా" అంది. వాలులోంచి ఒకటి, ఊళ్ళోంచి రెండు, ఎవరివో గుర్తుపట్టలేని గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు.

బెల్టు ఎక్కించి పంపు మళ్ళీ వేశాను. అత్త ఎక్కడ ఆపిందో అక్కడినుంచే అందుకుంది.